పని ఒడిసిందా బిడ్డా

అయినా ఆరు స్క్రూలకు భయపడేదాన్నయితే అసలు ఈ కంప్యూటర్ డబ్బా కొనేదాన్నే కాదు, ఐదు వచ్చేశాయి, ఆరోది మొండికేసింది, నాకంటే ముందు ఎవడో విప్పబోయి దాని తల అరగదీశాడు, సెకండ్ హ్యాండ్ సరుకు మరి, పైకి తళతళ, లోపల ఎవరు చేసిన పాపమో, ఫర్వాలేదు, మొండి స్క్రూకు మొండి అమూల్య, పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి కత్తిరించి దాని తల మీద పెట్టి, పైన స్క్రూడ్రైవర్ ఆనించి, ఒంటి బరువంతా వేసి మెల్లగా తిప్పితే, ఆ, కదిలింది, కదలక ఎక్కడికి పోతుంది, వచ్చి నా అరచేతిలో పడింది, తెల్ల కాగితం మీద కార్డు బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టుకుంటున్నాను, ఈ తెలివి ఎవరూ నేర్పింది కాదు, ఇంటర్‌లో ఉన్నప్పుడు మా అవ్వ, అమ్మను మేం అవ్వ అనే అంటాం, ఆమె కుట్టుమిషన్ విప్పి మళ్లీ బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి, అప్పుడు తిన్న తిట్లు నేర్పాయి, ఇక ప్లాస్టిక్ తొడుగు ఎత్తితే గ్రాఫిక్స్ కార్డు ఒళ్లంతా బయటపడింది, నేను ఎడిట్ చేసే ప్రతి పెళ్లి వీడియో దీని నెత్తిమీదుగానే బయటికి వస్తుంది, సన్నటి రేకుల మధ్య దుమ్ము మెత్తగా పేరుకుంది, నల్లగా, వేరే ఊళ్లలో దుమ్ము బూడిద రంగులో ఉంటుందంటారు, మా గోదావరిఖనిలో దుమ్ము కూడా బొగ్గే, తెల్లచీర దండెం మీద ఆరేసి మరిచిపోతే సాయంత్రానికి దాని రంగు వేరు, బ్రష్‌తో దులిపాను, చిన్న ఫ్యాన్లు రెండూ ఊడదీసి ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పాను, ఒకటి గమ్మున తిరిగింది, రెండోది గరగరమంది, బేరింగ్ పోయింది, నెల కిందే చెప్పాను నేను, విప్పకుండానే చెప్పాను, ఈ చెవులు రాజలింగు సర్దార్ బిడ్డవి.

సర్దార్ అంటే ఏదో పెద్ద దర్జా అనుకునేరు, బాయిలో, బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం, పని మొదలయ్యే ముందు అందరికంటే ముందు లోపలికి నడిచి, నెత్తిమీది కప్పును కర్రతో కొట్టి చూసి, మిగతావాళ్లు రావచ్చో రాకూడదో చెప్పే మనిషి, గట్టి కప్పయితే ఖంగుమంటుంది, లోపల పొర విడిస్తే డొల్లగా పలుకుతుంది, ఆ తేడా పట్టే చెవి మీద పదిహేను మంది ప్రాణాలు, నా చిన్నప్పుడు బాపు అంగడికి తీసుకుపోయి కర్బూజలన్నీ నాతో వేలితో కొట్టించేవాడు, ఇను బిడ్డా, గిదేమంటుంది, పచ్చిది బాపు, మరి గిది, పండింది, శభాష్, అమ్మేవాడు మా ఇద్దర్నీ చూసి కొనేదుంటే కొనుండ్రి లేకుంటే నడువుండ్రి అని గదమాయించేవాడు, అంత చెవి గల మా బాపు మొన్న సోమవారం బాయిలో కునికాడు, ఆయనతోపాటు రాత్రి షిఫ్టుకు దిగే అంతయ్య కాక మా వాకిట్లో నిలబడి అవ్వతో అన్నాడు, వదినె, అన్న కప్పు కొట్టుకుంట కొట్టుకుంట నిలవడ్డకాడనే కండ్లు మూసిండు, నేను జబ్బ పట్టుకొని కుదిపిన, జర ఇంట్ల నిద్ర పోనియ్యుండ్రి, అంటూ నా గది వైపు చూసీ చూడనట్టు చూశాడు, రాత్రి షిఫ్టు మనిషికి పగలే రాత్రి, ఈ రెండు గదుల క్వార్టర్‌లో బాపు మంచానికీ నా డబ్బాకూ నడుమ ఉన్నది ఒక్క పరదా, పెళ్లి వీడియో రెండర్‌కు, ముక్కలన్నీ ఒక్కటిగా కలిపే పనికి, పెట్టానంటే చాలు ఈ కార్డు లోడు లారీ గుట్ట ఎక్కినట్టు మొత్తుకుంటుంది, ఆ మాట విన్న మా అవ్వ సరోజన మర్నాడు కంచం నా ముందు ఠప్పున పెట్టి, అమూల్యా, ఐతారం దాక సూస్త, గా డబ్బ నోరన్న మూయించు, లేకుంటే బజార్ల రూం సూస్కోని ఆడ పెట్టుకో, మీ బాపుకు ఏమన్నయితే గీ పెండ్లి వీడియోలు ఎవలకు సూపెడ్తవ్ అంది, ఐతారమంటే ఈ ఆదివారమే, తప్పు ఏముంది ఆ మాటలో, బజార్లో గది దొరక్క కాదు, బాపు రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది, ఈ ఎనిమిది నెలలూ పొద్దున ఏడున్నరకు ఆయన గేటు తీసే చప్పుడు నేను నా చెవులతో వినాలి, అది వినపడ్డాకే నాకు తెల్లారినట్టు, ఇరవై ఏళ్లుగా అంతే, ఇక నా మూలంగా, నా డబ్బా మూలంగా, ఒక్కరోజు ఆ గేటు చప్పుడు కాకపోతే, లేదు, అంతవరకు ఆలోచించను, కానీ ఆలోచించాను, మూడు రోజులుగా అదే ఆలోచించి బెదిరిపోయాను.

బెదిరితే పని కాదు గనక గురువారం బస్సెక్కి కరీంనగర్ వెళ్లాను, నాకు ఈ కార్డు అమ్మిన సాయిచంద్ దుకాణానికి, అక్కా కార్డే మార్చెయ్ అన్నాడు, నీ సలహా కాదు తమ్మీ నాకు నీ సామాను కావాలె అన్నాను, అయితే గిది సూడు అని అల్యూమినియం దిమ్మె ఒకటి తీశాడు, ఈ కార్డు మీద కూర్చోబెట్టే పెద్ద కూలర్ అట, ఇటుక రాయంత ఉంది, జేబులోంచి పురికొస తీసి కొలిచాను, ఇంట్లోనే డబ్బా లోపలి కొలతకు ముడి వేసుకుని వెళ్లాను మరి, రెండు వేళ్ల మందం ఎక్కువ, తలుపు పట్టదు, పోనీ నీళ్ల పైపుల కూలింగ్ పెట్టుకో అక్కా, ఏం చప్పుడుండది అన్నాడు, కరెంటు డబ్బాలోకి నీళ్ల పైపులా, మా అవ్వ వింటే నన్నూ డబ్బానూ కలిపి బయట పెడుతుంది, అంతకుముందు ఇంట్లో నేను చేయని ప్రయత్నమా, కార్డుకు కరెంటు తగ్గించి చూశాను, కాస్త నెమ్మదించింది, పెద్ద వీడియో పెట్టగానే మళ్లీ మొదటికొచ్చింది, అవ్వ తన వైద్యం తాను చేసింది, డబ్బా మీద బొంత కప్పింది, పది నిమిషాల్లో కార్డు తొంభై డిగ్రీలకు పోయి మిషన్ ఆరిపోయింది, ధర్మపురి వాళ్ల పెళ్లి వీడియో తలంబ్రాల కాడ ఆగిపోయి మళ్లీ మొదటినుంచి పెట్టాల్సి వచ్చింది, అప్పుడే నాకు బాయి ఫ్యాన్ గుర్తొచ్చింది, ఎప్పుడో ఆరో తరగతిలో బాపు చెప్పాడు, బాయి పైన ఇల్లంత ఫ్యాన్ ఉంటది బిడ్డా, దాని గాలి లేకపోతే కింద మనిషి బతుకడు, మనింటి టేబుల్ ఫ్యాన్ ఎంత మొత్తుకున్నా పక్క గదికి గాలి పోదు, అది గంభీరంగ తిరుగుకుంటనే మైళ్ల దూరం గాలి ఆడిస్తది, అది ఆగిందంటే ఎసొంటి పనైనా ఇడిసిపెట్టి అందరం పైకి రావాలె, నా మనుషుల లెక్క కుదిరేదాక నేను కదలొద్దు, అని, అదే కదా కిటుకు, చిన్న రెక్క ఎక్కువ గాలి తోలాలంటే అరుస్తూ తిరగాలి, పెద్ద రెక్క నింపాదిగా తిరిగినా అంతే తోలుతుంది, కార్డు మీది ఈ పిచ్చుక ఫ్యాన్లు తీసేసి అరచేయంత ఫ్యాన్లు రెండు ప్లాస్టిక్ ట్యాగులతో కట్టేస్తే సరి, ఆ మాట చెబితే సాయిచంద్ నోరు వెళ్లబెట్టాడు, ట్యాగులతోని కడుతవా అక్కా, కార్డు పోతే నాది జిమ్మేదారి లేదు, నీ జిమ్మేదారి ఎవలడిగిన్రు, రెండు ఫ్యాన్లు, ట్యాగులియ్యి, అన్నాను.

ఇదిగో కడుతున్నాను, ముందు కార్డు మీది రేకుల దిమ్మె ఊడదీసి, దాని అడుగున వేడి లాగే పాత పేస్టు గీకాలి, చిప్పు మీద ఎండి పెళుసెక్కిన సున్నంలా ఉంది, దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిస్తే చిప్పు అద్దంలా నా బొట్టు చూపించింది, కొత్త పేస్టు శనగగింజంత, ఎక్కువ పూస్తే పొంగుతుంది, దిమ్మె మళ్లీ ఎక్కించి నాలుగు మూలలా ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించాలి, ఒకేసారి ఒక పక్క బిగిస్తే చిప్పు పగులుతుంది, గేటు చప్పుడైంది, ఏడున్నర, హమ్మయ్య, బాపు వచ్చాడు, చెప్పులు గోడకు కొట్టి దులిపే చప్పుడు, నీళ్ల చప్పుడు, అవ్వ అన్నం పెట్టి పచ్చిపులుసు పోస్తున్న చప్పుడు, పరదా అవతలనుంచి బాపు గొంతు, ఏం నడుస్తుంది బిడ్డా, ఆపరేషనా, ఔ బాపు, దీని నోరు కుట్టేస్తున్న, పాపం ఎందుకే నోరులేని జీవి, నోరుండే కదా బాపు గీ లొల్లంతా, ఆయన నవ్వాడు, నవ్వులో కూడా నిద్ర లేదు, అరిగిపోయినట్టుంది ఆ నవ్వు, ట్యాగు పళ్లతో పట్టి లాగి బిగించాను, ఒకటి, రెండు, నాలుగు, ఫ్యాన్ల వైరు కార్డుకే తగిలించే చిన్న జాయింటు వైరు సాయిచంద్ దగ్గరే దొరికింది, వేడిని బట్టి వాటంతటవే తిరుగుతాయి, వాటంతటవే ఆగుతాయి, డబ్బాలో పెట్టి మీట నొక్కేసరికి బాపు మంచమెక్కి దుప్పటి లాక్కున్నాడు, అవ్వ సంచి పట్టుకుని కూరగాయలకు వెళ్లింది, కార్తీక మాసం, చలి, సీలింగ్ ఫ్యాన్ వేసేది లేదు, ఇంట్లో ఇంక ఏ చప్పుడూ లేదు, ధర్మపురి పెళ్లి రెండర్‌కు పెట్టి ఊపిరి బిగపట్టాను, ఫ్యాన్లు కదిలాయి, ఎక్కడో దూరంగా గాలి వీచినంత మెత్తగా ఒక్కటే మూలుగు, అంతే, అరుపు లేదు, గరగర లేదు, వేడి చూస్తే అరవై ఆరు దగ్గర నిలబడింది, నిన్న ఇదే వీడియోకు ఎనభై నాలుగు, నా భుజం నేనే తట్టుకున్నాను, ఎవరూ లేరు కదా తట్టడానికి, పరదా సందులోంచి చూస్తే బాపు నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు, ఆ ముఖం చూస్తే కడుపు నిండింది.

నలభై నిమిషాలు, ఇక్కడ పెళ్లికూతురు తల వంచింది, అక్కడ బాపు నిద్ర, రెండూ సాగుతున్నాయి, ఇన్ని నెలలూ ఆయన ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ, అరిచినా బాగుండేది, రోజూ మధ్యాహ్నం ముందర ఏదో ఒక వేళకు పరదా తొలగించి గడపలో నిలబడేవాడు, కళ్లు చింతనిప్పులు, పని ఒడిసిందా బిడ్డా, ఒడిసింది బాపు, గంతేనా, మంచిది, అని ఒక నిమిషం నన్నే చూసి, నీళ్లు తాగి, మళ్లీ పడుకోకుండా వాకిట్లో పేపరు పట్టుకుని కూర్చునేవాడు, పాపం పని ఎప్పుడు ముగుస్తుందా అని అటూ ఇటూ దొర్లి దొర్లి, ఇక ఓపిక పట్టలేక లేచి వచ్చేవాడు, నెమ్మదస్తుడు తిడితే అలాగే ఉంటుంది, పని ఒడిసిందా అంటాడు, అంతకు మించి రాదు ఆయన నోట, ఇక అడగాల్సిన అవసరం లేదులే బాపు, నీ బిడ్డ ఆ మోత పీడ వదిలించింది, సాయంత్రం అంతయ్య కాకను పిలిచి చూపించాలి, అవ్వ చేత ఐతారం మాట వెనక్కి తీయించాలి, రెండర్ గీత చివరకొచ్చింది, తొంభై తొమ్మిది, అయిపోయింది, కార్డు చల్లబడుతోంది, అరవై, యాభై మూడు, నలభై తొమ్మిది, ఫ్యాన్లు వాటంతటవే ఆగిపోయాయి, వేడి తగ్గితే పూర్తిగా ఆగే సదుపాయం, పాత ఫ్యాన్లూ ఇలాగే ఆగేవి, కానీ ఇంత హాయిగా కాదు, గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే గోడ గడియారం ముల్లు వినిపిస్తోంది, ఇన్నాళ్లకు నా ఇల్లు నాకు వినిపించింది.

మంచం కిర్రుమంది, ఫ్యాన్ బందైంది, అన్న గొంతు ఎవరిదో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, పరదా ఒక్క లాగుకు పక్కకు పోయింది, బాపు, కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూస్తున్నట్టు లేవు, ఫ్యాన్ బందైంది, నడువుండ్రి, పనిముట్లు ఆడనే ఇడిసిపెట్టుండ్రి, అంతయ్యా ఎనకున్నోళ్లను తోలుకరా, అరుపు కాదు అది, మెల్లగానే అన్నాడు, కానీ ఆ గొంతు కాదనడం ఎవరివల్లా కాదు, నా మణికట్టు పట్టుకున్నాడు, నేను లేచాను, లేవకుండా ఎలా ఉంటాను, గడప దగ్గర ఆయన నడుము వంచాడు, మా గుమ్మం ఆయనకంటే జానెడు ఎత్తు, అయినా వంచాడు, రెండో చేయి నా నెత్తిమీద పెట్టి నా తల కూడా కిందికి అదిమాడు, కప్పు తగలకుండా, అట్లాగే వంగి నడిపించి వాకిలి దాటించి గేటు బయట ఎండలో నిలబెట్టి నా మీద వేలు పెట్టాడు, ఒకటి, తర్వాత ఇటూ అటూ చూశాడు, ఇంకొకలేరి, మీ అవ్వేది, సరోజన పైకి రాలే, అంటూ మళ్లీ ఇంట్లోకి తిరిగాడు, నేను రెండు చేతులా ఆయన నడుము పట్టుకున్నాను, బాపు, అవ్వ కూరగాయలకు పోయింది, లోపల లేదు, నా మాట ఇను బాపు, ఆయన గుండె నా చెంపకు తగిలి దబదబ కొట్టుకుంటోంది, వినడే, లెక్క కుదరలే బిడ్డా, లెక్క కుదరలే, అంటాడు, ఎదురింటి దేవవ్వ చీపురు పట్టుకుని నోరు తెరిచి నిలబడింది, అంతలో వీధి మలుపులో సంచితో అవ్వ కనిపించింది, ఏమైంది, ఎందుకట్ల నిలవడ్డరు, అని పరుగున వచ్చింది, బాపు వేలు అవ్వ వైపు లేచింది, రెండు, అన్నాడు, అప్పుడు దిగాయి ఆయన భుజాలు, అప్పుడు చూసుకున్నాడు తన లుంగీ, ఎండ, దేవవ్వ చీపురు, తల గోక్కుని నవ్వాడు, నేను మాత్రం నవ్వలేదు, ఏడ్చాను.

మెట్టు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చి అడిగాను, బాపు, నిజం చెప్పు, నా డబ్బ మోతకే గదా నీకు నిద్ర పడ్తలేదు, ఆయన గ్లాసు వైపు చూస్తూ అన్నాడు, మోతకెందుకు పడదు బిడ్డా, అది నడుస్తుంటే మస్తు నిద్ర పడ్తది, ముప్పై నాలుగేండ్లు ఫ్యాన్ గాలిల బతికినోన్ని, అది ఆగుతది సూడు, ఆగంగనే గుండె దడ్డుమంటది, ఇగ మల్ల నిద్ర రాదు, మరి నాకెందుకు చెప్పలే, ఏమని చెప్పాలె, రాజలింగు సర్దార్ ఇంట్ల ఫ్యాన్ ఆగితే భయపడ్తడంటే నలుగురు నగరా, రోజు నువ్వు కనవడంగనే తెలివికొస్తుంటి, గియ్యాల అచ్చం బాయి ఫ్యాన్ లెక్కనే ఇనవడ్డది, గందుకే గింత ఆగమైన, అన్నాడు, అవ్వ సంచి కింద పెట్టి నడుం మీద చేయి వేసుకుంది, ఔ మల్ల, నేను గా డబ్బను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తుంటి, నువ్వు సూస్కుంట కూసుంటివా, అని ఆయనకు పెట్టాల్సిన చీవాట్లన్నీ పెట్టింది, కొంగుతో ఆయన మెడ మీది చెమట తుడుస్తూనే పెట్టింది.

నేను లోపలికొచ్చి డబ్బా ముందు కూర్చున్నాను, ఇంత చెవి ఉందని మురిసిపోయినదాన్ని, బేరింగ్ గరగర నెల ముందే పట్టినదాన్ని, నా బాపు ఏ వేళకు మేల్కొంటున్నాడో ఒక్కరోజు పట్టలేకపోయాను, మోత మొదలైనప్పుడు కాదు, ముగిసిన ప్రతిసారీ లేచాడు, గురక నిలిపి, గుండె దడతో పరదా తొలగించి వచ్చాడు, సిగ్గేసింది నాకు, అయితే సిగ్గుపడుతూ కూర్చుంటే పని కాదు కదా, ఇది నా చేతిలో ఉన్న పనే, వేడి తగ్గితే ఆగాలి అన్న చోట టిక్కు గుర్తు తీసేశాను, ఫ్యాన్లు రెండింటికీ ఒకటే వేగం రాసిపెట్టాను, పని ఉన్నా లేకున్నా, వేడి ఉన్నా లేకున్నా, తగ్గవు, పెరగవు, ఆగవు, పెద్ద రెక్కలు కనుక ఆ వేగం చాలు, కరెంటు పోయినా తిరిగేలా ఇన్వర్టర్ వైరు రేపు నేనే లాగుతాను, పాత పిచ్చుక ఫ్యాన్లతో ఇది అయ్యేది కాదు, పొద్దంతా ఆగకుండా తిప్పితే చెవులు పోయేవి, కనుక నా ఆపరేషన్ దండగ పోలేదు, మీట నొక్కాను, దూరపు గాలిలాంటి మూలుగు మళ్లీ మొదలైంది, నాకే చెవి రిక్కిస్తే గానీ వినపడదు, పరదా అవతల బాపు మంచం మీద ఒరిగి అడిగాడు, నడుస్తుందా బిడ్డా, నడుస్తుంది బాపు, ఇగ ఆగది, నేనీడనే ఉన్న, మంచిది, అన్నాడు, కాసేపటికి గురక, ఈసారి లోతుగా, మధ్యాహ్నం దాటినా తెగలేదు, అవ్వ గిన్నెలు చప్పుడు కాకుండా తోముతోంది, నేను ఇంకో పెళ్లి తెరిచాను కానీ చేయి కదలడం లేదు, పని ఒడిసిందా బిడ్డా, గడపలో నిలబడి నన్నే చూసే ఆ ఒక్క నిమిషం, ఇన్ని నెలలూ తిట్టు అనుకున్నాను, విసుగు అనుకున్నాను, నా మీద పెట్టిన వేలు ఇంకా భుజం మీద ఉన్నట్టే ఉంది, ఒకటి అన్నాడు, రోజూ అందుకే వచ్చేవాడు, నేను పైకి వచ్చానో లేదో చూసుకోవడానికి.